క్రీడాస్ఫూర్తి – ప్రజాప్రతిష్ఠ: వృత్తి సైకిల్ క్రీడాకారులు, సిక్కోలు క్రీడానుభవం

వ్యాససంగ్రహం

క్రీడాకారునికి లభించే పేరు గెలుపు వల్ల మాత్రమే రాదు. గెలిచిన తీరు, ఓడిన తీరు, ప్రత్యర్థి కష్టంలో ఉన్నప్పుడు ప్రవర్తించిన తీరు ఆ పేరును నిర్ణయిస్తాయి. ఈ సూత్రం వృత్తి సైకిల్ పందేలలో స్పష్టంగా కనిపిస్తుంది. అయితే మైదానంలో చూపిన మర్యాదను చూసి మనిషి నిజాయితీని నిర్ధారించవచ్చునా అనే ప్రశ్నను కూడ ఆ పందేల చరిత్రే లేవనెత్తింది. ఈ ప్రశ్నను తెలుగు పల్లెల సైకిల్ ప్రదర్శనలతోను, శ్రీకాకుళం ప్రాంతానికి చెందిన కోడి రామమూర్తినాయుడు, కరణం మల్లీశ్వరి జీవితాలతోను పోల్చి పరిశీలించి, పలాస, టెక్కలి, ఉద్దానం ప్రాంతాల యువక్రీడాకారులకు దీని ప్రాసంగికతను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: క్రీడాస్ఫూర్తి, ప్రతిష్ఠ, సైకిల్ పందెం, కోడి రామమూర్తి, కరణం మల్లీశ్వరి, ఉద్దానం.

1. ఉపోద్ఘాతం

‘ఉద్దానం’ అనే మాటను ‘ఉద్యానం’ నుండి వచ్చినదిగా చెప్పుకోవడం ఆ ప్రాంతంలో పరిపాటి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల కొబ్బరితోటలు, జీడితోటలు ఆ పేరును సార్థకం చేశాయి. పలాస జీడిపప్పుకు, టెక్కలి సమీపంలోని నౌపడ ఉప్పుకు ప్రసిద్ధి. కాని నేడు బయటివారికి ఉద్దానం అనగానే మొదట స్ఫురించేవి మూత్రపిండాల వ్యాధి, 2018 అక్టోబరులో తోటలను నేలకూల్చిన తిత్లీ తుఫాను. ఒక ప్రాంతానికి ఉన్న పేరు ఒకటి, ఆ ప్రాంతం గురించి లోకం తలచే బొమ్మ మరొకటి కావడం ఇక్కడ కనిపిస్తుంది.

వ్యక్తుల విషయంలోను ఇదే జరుగుతుంది. క్రీడాకారుడు తాను ఏమిటో ఒకటి, ప్రేక్షకులు అతనిని గురించి కట్టుకున్న ఊహ మరొకటి. ఈ రెండింటి మధ్య దూరం ఎలా ఏర్పడుతుంది, దానిని ఏది తగ్గిస్తుంది అనేది ఈ వ్యాసంలోని ప్రధాన విచారణ.

2. పదాల అర్థపరిధి

‘క్రీడాస్ఫూర్తి’ ఆధునికమైన సమాసం. కాని దాని వెనుక ఉన్న భావన తెలుగువారికి కొత్తది కాదు. భారతంలో భీమదుర్యోధనుల గదాయుద్ధం ఇందుకు తగిన ఉదాహరణ. నాభికి దిగువన కొట్టరాదన్నది గదాయుద్ధ నియమం. భీముడు తొడలు విరుగగొట్టి గెలిచాడు. పాండవులకు విజయం దక్కింది, కాని బలరాముడు ఆ గెలుపును ఒప్పుకోలేదు. దుర్యోధనుడు ఎన్ని అపరాధాలు చేసినవాడైనా, ఆ ఒక్క పోరులో అతనికి అన్యాయం జరిగిందన్న మాట కథలో నిలిచిపోయింది. ఫలితం వేరు, పద్ధతి వేరు అన్న వివేకం ఆ ఘట్టంలో ఉంది.

‘ప్రతిష్ఠ’ అనే మాటకు నిలపడం, స్థాపించడం అని మూలార్థం. విగ్రహప్రతిష్ఠలో వలెనే మనిషి ప్రతిష్ఠలోను నిలిపేవారు ఇతరులు. వాడుకలో ‘పేరు’, ‘పరువు’ అనే మాటలూ ఉన్నాయి. పేరు సంపాదించుకునేది, పరువు కాపాడుకునేది. ‘పేరు గొప్ప ఊరు దిబ్బ’ అనే సామెత పేరుకు, వాస్తవానికి మధ్య ఉన్న దూరాన్ని ఎత్తిచూపుతుంది.

3. సైకిల్ పందెపు అలిఖిత నియమాలు

1903లో ఆరంభమైన టూర్ ద ఫ్రాన్స్ ప్రపంచంలోని సైకిల్ పందేలలో ప్రసిద్ధమైనది. నేడు అది సుమారు మూడు వారాలపాటు 21 దశలుగా సాగుతుంది. మొత్తం కాలంలో ముందున్నవాడు పసుపుపచ్చ చొక్కా ధరిస్తాడు. ఈ పందెంలో మోసం కొత్తది కాదు. రెండవ సంవత్సరమైన 1904లోనే, మొదటి నాలుగు స్థానాలలో నిలిచినవారిని అక్రమాల కారణంగా అనర్హులుగా ప్రకటించారు.

అయినా ఈ క్రీడలో మర్యాదకు ప్రత్యేక స్థానం ఏర్పడడానికి ఒక భౌతిక కారణం ఉంది. వేగంగా సాగే సైకిలుకు ప్రధాన శత్రువు గాలి. ముందువాడు గాలిని చీల్చుకుంటూ వెళ్తే, వెనుకవాడు గాలిచాటున తక్కువ శక్తితో అదే వేగాన్ని అందుకుంటాడు. అందుచేత ప్రత్యర్థులు సైతం గంటల తరబడి ఒకే గుంపులో, ఒకరి చాటున ఒకరు ప్రయాణిస్తారు. గుంపు నుండి విడివడినవాడు మళ్లీ కలవడం చాలా కష్టం. కనుకనే ప్రత్యర్థి పడిపోయినప్పుడు వేగం తగ్గించి ఎదురుచూడడం వట్టి సంజ్ఞ కాదు. చేతికి అందిన లాభాన్ని వదులుకోవడం. ఏ నియమావళీ దీనిని విధించలేదు. కాబట్టే దానికి విలువ.

1952 పందెంలో ఇటలీకి చెందిన ఫౌస్టో కొప్పీ, జీనో బార్తాలీ ఒకరి నుండి ఒకరు నీళ్ల సీసా అందుకుంటున్న ఛాయాచిత్రం ఈ మర్యాదకు ప్రతీకగా నిలిచింది. దేశాన్ని రెండు పక్షాలుగా చీల్చిన ప్రత్యర్థులు వారు. ఎవరు ఎవరికి ఇచ్చారన్న వాదం చాలాకాలం సాగింది. వాదించినవారందరూ తమ అభిమాన క్రీడాకారుడే ఇచ్చినవాడు కావాలని కోరుకున్నారు, పుచ్చుకున్నవాడు కావాలని కాదు. ప్రజల దృష్టిలో ప్రతిష్ఠ ఎటువైపు ఉందో ఈ వాదమే చెబుతుంది.

గెలుపుకు, ప్రతిష్ఠకు పొత్తు తప్పనిసరి కాదనడానికి ఫ్రాన్స్‌కు చెందిన రేమోఁ పూలిదోర్ మరొక సాక్ష్యం. అతడు టూర్‌ను ఒక్కసారి కూడ గెలవలేదు. ఒక్కరోజు కూడ పసుపుపచ్చ చొక్కా ధరించలేదు. మూడుసార్లు రెండవ స్థానం, ఐదుసార్లు మూడవ స్థానం పొందాడు. అయినా ఐదుసార్లు గెలిచిన జాక్ ఆంకెతీల్ కంటె ప్రజాభిమానం అతనికే ఎక్కువగా దక్కింది.

4. మర్యాద వేరు, నిజాయితీ వేరు

2001 టూర్‌లో జర్మనీకి చెందిన యాన్ ఉల్రిచ్ కొండదారి దిగుతూ రోడ్డు తప్పి పడిపోయినప్పుడు అమెరికాకు చెందిన లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అతని కోసం ఆగాడు. 2003లో ఒక ప్రేక్షకుని చేతిసంచి తగిలి ఆర్మ్‌స్ట్రాంగ్ పడిపోయినప్పుడు ఉల్రిచ్ వేగం తగ్గించాడు. ఈ రెండు సంఘటనలను క్రీడాస్ఫూర్తికి ఆదర్శాలుగా చూపినవారు ఎందరో ఉన్నారు.

తరువాత జరిగింది వేరు. నిషిద్ధ ఉత్ప్రేరకాల వాడకం రుజువై, 1999 నుండి 2005 వరకు గెలిచిన ఏడు టైటిళ్లనూ ఆర్మ్‌స్ట్రాంగ్ 2012లో కోల్పోయాడు. 2013 జనవరిలో టెలివిజన్ ముఖాముఖిలో తప్పు అంగీకరించాడు. అదే 2012లో ఉల్రిచ్‌ను కూడ క్రీడా మధ్యవర్తిత్వ న్యాయస్థానం దోషిగా నిర్ణయించింది.

ఈ పరిణామం ఒక కఠినమైన ప్రశ్నను ముందుంచుతుంది. రోడ్డు మీద ఎదురుచూడడం నటనా? అలా అనడం తొందరపాటు. పడిపోయిన తోటివానిపట్ల కలిగిన సానుభూతి ఆ క్షణంలో నిజమే కావచ్చు. కాని కెమెరాలు చూస్తున్నచోట చూపిన మర్యాద, ఎవరూ చూడనిచోట పాటించవలసిన నిజాయితీకి హామీ కాదు. మొదటిది ప్రత్యర్థి ఒక్కనికి చెల్లించే గౌరవం. రెండవది గుంపులోని ప్రతి సభ్యునికీ, చూసే ప్రతి ప్రేక్షకునికీ చెల్లించవలసిన ఋణం. ఉత్ప్రేరకం వాడనందువల్ల వెనుకబడి, జీతం చాలక, వృత్తి వదిలిపోయిన అనామకుడు ఏ ఛాయాచిత్రంలోనూ కనిపించడు. మోసం వల్ల అసలు నష్టపోయినది అతడే.

2010 సంఘటన ఈ భేదాన్ని మరొకవైపు నుండి చూపుతుంది. లక్సెంబర్గ్‌కు చెందిన ఆండీ ష్లెక్ సైకిల్ గొలుసు జారినప్పుడు స్పెయిన్‌కు చెందిన ఆల్బెర్తో కొంతాదోర్ ఆగకుండా ముందుకు సాగి 39 సెకన్లు సంపాదించాడు. టూర్‌ను గెలిచినదీ సరిగ్గా 39 సెకన్ల తేడాతోనే. విమర్శలు రాగా ఆ రాత్రే క్షమాపణ చెప్పుకున్నాడు. క్షమాపణతో పరువు కొంత నిలబడింది. 2012లో అతని టైటిల్ రద్దయినది మాత్రం గొలుసు వ్యవహారంలో కాదు, నిషిద్ధ పదార్థం విషయంలో. ప్రేక్షకులు చర్చించినది ఒకటి, శిక్ష పడినది మరొకదానికి.

అయినా సంప్రదాయం అంతరించలేదు. 2022లో కొండ దిగుతూ స్లొవేనియాకు చెందిన తదేయ్ పొగాచర్ పడిపోగా, పసుపుపచ్చ చొక్కాలో ఉన్న డెన్మార్క్ యువకుడు యోనస్ వింగెగార్డ్ ఎదురుచూశాడు. పొగాచర్ వచ్చి చేయి కలిపాడు.

5. ఊరి నడుమ సైకిల్: ప్రేక్షకుడే న్యాయనిర్ణేత

వృత్తి సైకిల్ క్రీడ తెలుగు పల్లెలకు అందని వస్తువే. కాని సైకిల్ తొక్కడమే బతుకుతెరువుగా గలవారిని పల్లెలు ఎరుగును. ఒక తరం క్రితం వరకు ఊరి కూడలిలోనో, బడి ఆవరణలోనో రోజుల తరబడి ఆగకుండా సైకిల్ తొక్కే ప్రదర్శనలు సాగేవి. ప్రదర్శకుడు సైకిల్ మీదనే తిని, సైకిల్ మీదనే స్నానం చేసి, గుండ్రంగా తిరుగుతూనే ఉండేవాడు. సాయంత్రం మైకులో సినిమా పాటల నడుమ ఫీట్లు చేసేవాడు. ట్యూబులైట్లు ఒంటిమీద పగులగొట్టించుకునేవాడు. చదివింపులు ఇచ్చినవారి పేర్లు మైకులో వినిపించేవి.

ఈ ఆటకు ఉన్న నియమం ఒక్కటే: కాలు నేల మోపరాదు. దానిని వ్రాసినవారు లేరు, న్యాయనిర్ణేత లేడు. అర్ధరాత్రి ఊరు నిద్రపోయాక దిగుతున్నాడేమో అన్న అనుమానం సహజం. అతని వేషం, మాటకారితనం, ఫీట్లు ప్రదర్శకునిగా అతని ఆకర్షణను పెంచేవే. కాని చివరిరోజు ఊరు ఇచ్చే మర్యాద, ఎవరూ చూడని ఆ అర్ధరాత్రి మీద ఆధారపడి ఉండేది. మూడు వారాల టూర్‌కూ, ఈ ఊరి ఆటకూ స్థాయిలో పోలిక లేదు. ధర్మంలో మాత్రం తేడా లేదు.

6. సిక్కోలు అనుభవం: బలం, పేరు

శరీరబలాన్ని వృత్తిగా, ప్రదర్శనగా మార్చి దేశవిదేశాల్లో పేరు పొందిన తొలి ఉత్తరాంధ్ర ప్రముఖుడు కోడి రామమూర్తినాయుడు (మరణం 1942). ఆయన స్వస్థలం వీరఘట్టం. నాటి శ్రీకాకుళం ప్రాంతపు ఈ ఊరు నేడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. ఊపిరి బిగించి ఛాతీకి చుట్టిన గొలుసును తెంచడం, రొమ్ముపై ఏనుగును ఎక్కించుకోవడం వంటి ప్రదర్శనలు ఆయనకు ‘కలియుగ భీముడు’ అన్న బిరుదును స్థిరపరచాయి. ఆయన కీర్తి కథలుగా పెరిగింది. ఆ కథల్లో బలంతోపాటు శాకాహారం, నియమబద్ధ జీవనం కూడ చెప్పుకుంటారు. అంటే బలవంతుని పేరు నిలవడానికి బలం ఒక్కటే చాలదని, దానికి నియమం తోడుగా ఉండాలని జనం భావించారు. శ్రీకాకుళంలోని క్రీడామైదానం నేటికీ ఆయన పేరు మోస్తున్నది.

ఆమదాలవలస సమీపంలోని ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి అనుభవం భిన్నమైనది. గురువు నీలంశెట్టి అప్పన్న శిక్షణలో ఎదిగి, 1994, 1995 సంవత్సరాల్లో 54 కిలోల విభాగంలో ప్రపంచ విజేతగా నిలిచిన ఆమె, 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో పోటీపడ్డారు. పోటీకి ముందు ఆమె ఎంపిక మీద, శరీరపు బరువు మీద పత్రికల్లో విమర్శలు వెలువడ్డాయి. ఆమె మీద ఒక బొమ్మ ముందే గీయబడింది.

2000 సెప్టెంబరు 19న ఆమె స్నాచ్‌లో 110, క్లీన్ అండ్ జర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు ఎత్తారు. మొదటి ఇద్దరూ చెరి 242.5 కిలోలు ఎత్తగా, శరీరపు బరువు తక్కువైన చైనా క్రీడాకారిణికి స్వర్ణం దక్కింది. మల్లీశ్వరి చివరి ప్రయత్నంలో 137.5 కిలోలకు సిద్ధపడ్డారు. అది ఎత్తగలిగితే స్వర్ణమే. ఎత్తలేకపోయారు. కాంస్యం లభించింది. ఒలింపిక్ పతకం సాధించిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కారు. ఆ చివరి ప్రయత్నాన్ని కొందరు అత్యాశ అన్నారు, కొందరు సాహసమన్నారు. ఒక్క నిమిషపు నిర్ణయం రెండు విరుద్ధమైన ప్రతిష్ఠలకు ఆధారమైంది. ఇనుపకడ్డీ మాత్రం ఎవరి మాటా వినదు. దాని మీద ఉన్నంత బరువే ఉంటుంది. విమర్శకులు గీసిన బొమ్మను చెరిపినది ప్రతివిమర్శ కాదు, ఆ 240 కిలోలు.

7. ఉద్దానం తీరానికి అన్వయం

పలాస, టెక్కలి ప్రాంతాల యువత ఆటలవైపు చూడడంలో ఆసక్తితోపాటు అవసరం కూడ ఉంది. సైన్యం, పోలీసు ఉద్యోగాల ఎంపికకు పరుగు సాధన చేసేవారికి, క్రీడాకోటా మీద ఆశ పెట్టుకున్నవారికి ఆట ఒక బతుకుదారి. అవసరం పెరిగినకొద్దీ అడ్డదారి ఆకర్షణ కూడ పెరుగుతుంది. ఉత్ప్రేరకాలు, వయసు తప్పుగా చూపడం వంటివి సంపన్న దేశాల సైకిల్ క్రీడాకారులకు మాత్రమే ఎదురయ్యే ప్రలోభాలు కావు. పైగా ఇవాళ ప్రతి యువక్రీడాకారుని చేతిలోనూ ఫోను ఉంది. పతకం కంటె ముందు బొమ్మ ప్రచారమవుతుంది. సాధన కంటె ప్రచారం ముందు నడిస్తే, సామెతలోని ‘పేరు గొప్ప’ మాత్రమే మిగులుతుంది.

ఇక్కడ పణంగా ఉన్నది ఒక్క మనిషి పేరు కాదు. పేరున్న దేశంలో ఒక క్రీడాకారుడు దోషిగా తేలితే అది అతని అపకీర్తిగానే మిగలవచ్చు. వ్యాధితోను, తుఫానుతోను మాత్రమే గుర్తింపబడుతున్న ప్రాంతం నుండి వెళ్లినవారి తప్పు ఊరంతటికీ అంటుతుంది. వారి నిజాయితీ కూడ అలాగే ఊరంతటికీ చెందుతుంది. ఊసవానిపేట వంటి చిన్న ఊరి పేరు దేశమంతటా వినబడడానికి కారణం ఇదే.

8. ముగింపు

సైకిల్ క్రీడాకారుల చరిత్ర నుండి తేలే అంశాలు ఇవి. గెలుపు ప్రతిష్ఠకు ఒక ఆధారం మాత్రమే. పూలిదోర్ గెలవకయే ప్రతిష్ఠ పొందాడు. బహిరంగ మర్యాద ప్రశంసనీయమే, కాని అది నిజాయితీకి ప్రత్యామ్నాయం కాదు. ఆర్మ్‌స్ట్రాంగ్, ఉల్రిచ్‌ల ఉదంతం దీనిని రుజువు చేసింది. అన్యాయంగా ఏర్పడిన బొమ్మను చెరపగల శక్తి చివరకు సాధనకే ఉందని మల్లీశ్వరి జీవితం తెలుపుతుంది.

శిక్షకులు, వ్యాయామోపాధ్యాయులు పిల్లలకు పతకాల పట్టికతోపాటు ఈ కథలను కూడ, వాటిలోని చీకటి భాగాన్ని దాచకుండా, చెప్పవలసిన అవసరం ఉంది. కొప్పీ, బార్తాలీల నీళ్ల సీసా బొమ్మను చూపిన చోటనే ఊరి సైకిల్ ప్రదర్శకుని అర్ధరాత్రిని కూడ గుర్తుచేయాలి. ఊరు నిద్రపోయిన వేళ కూడ కాలు నేల మోపనివాడే మరునాడు ఊరి ముందు తలెత్తుకొని నిలబడగలడు.