అద్దాల బీరువాలో ఐరన్ మ్యాన్: అపోహలు – వాస్తవాలు

కూసుమంచి అనగానే కాకతీయుల నాటి గణపేశ్వరాలయం, పక్కనే పాలేరు జలాశయం గుర్తొస్తాయి. హాంకాంగ్ కంపెనీ ఐరన్ మ్యాన్ బొమ్మ ఎవరికీ గుర్తు రాదు. అయినా కొరియర్ వచ్చే ఊళ్లన్నింటికీ ఈ బొమ్మలూ వస్తున్నాయి, వాటి వెంట సలహాలూ వస్తున్నాయి. ఆ సలహాల్లో చాలావరకు కొయ్య బొమ్మలకు, ఇత్తడి సామానుకు పనికొచ్చేవి. ప్లాస్టిక్ సంగతి వేరు.

అపోహ: ఇవి పిల్లల ఆటబొమ్మలు.

"ముప్పై వేలు పోసి బొమ్మ కొన్నవా అన్నా?" అని అడగని ఇల్లుండదు. డబ్బా మీద 14 ఏళ్లు పైబడినవారికి అనో, 15 అనో రాసే ఉంటుంది. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో బొమ్మలకు తప్పనిసరైన బీఐఎస్ ముద్ర కూడా 14 ఏళ్లలోపు పిల్లలు ఆడుకునే వాటిని ఉద్దేశించిందే. 2000లో హాంకాంగ్‌లో మొదలైన హాట్ టాయ్స్ లాంటి కంపెనీలు చేసేవి ఆరో వంతు నమూనాలు. అంటే ఆరడుగుల మనిషి అడుగు ఎత్తుకు దిగుతాడు. ముఖం రంగు, చొక్కా కుట్టు, బూటు మీది మట్టి మరక అన్నీ ఆ కొలతకు సరిపోవాలి. ఇక కీళ్లు కదిలే బొమ్మలు పరాయివాళ్ల పిచ్చి అనేవాళ్లు మన తోలుబొమ్మల చేతులు ఎలా ఊగుతాయో ఒకసారి చూడాలి.

అపోహ: డబ్బా తెరవకపోతే ఎప్పటికీ కొత్తదే.

అన్నిటికన్నా ఖరీదైన అపోహ ఇదే. కొండపల్లి బొమ్మ తెల్ల పొణికి కర్రతో, చింతగింజల జిగురు కలిపిన రంపపు పొట్టుతో తయారవుతుంది. దాని శత్రువులు పురుగు, చెమ్మ. అందుకే బొమ్మల కొలువు అయిపోగానే పాత బట్టలో చుట్టి ట్రంకు పెట్టెలో దాచడం మనవాళ్లకు అలవాటు. కొయ్యకు ఆ పద్ధతి సరైనదే. ప్లాస్టిక్ బొమ్మను అలా మూసిపెడితే అది లోపల్నుంచే పాడవుతుంది.

పీవీసీ స్వతహాగా గట్టిది. వేళ్లు, వెనక వేలాడే కేప్ మెత్తగా వంగాలని అందులో నూనెలాంటి ప్లాస్టిసైజర్ కలుపుతారు. అది ప్లాస్టిక్‌కు అతుక్కోదు, మధ్యలో ఇరుక్కుని ఉంటుందంతే. ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా పైకి ఊరుతుంది. వేడికి ఇంకా తొందరగా ఊరుతుంది. మే నెలలో 45 డిగ్రీలు తాకే చోట, రేకుల కప్పు కింది అటక మీద, గాలాడని డబ్బాలో ఏమవుతుందో ఊహించుకోవచ్చు. తీసి పట్టుకుంటే జిడ్డు చేతికి అంటుకుంటుంది. దాన్ని చూసి నకిలీ అంటగట్టారని గొడవపడేవాళ్లూ ఉన్నారు. అసలు సరుకైనా జిడ్డు కారుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు కలిపి, మెత్తటి బ్రష్‌తో కడిగి, నీడన ఆరబెడితే జిడ్డు పోతుంది. థిన్నర్, స్పిరిట్ వాడితే జిడ్డుతో పాటు కనుబొమలూ పోతాయి.

తోలు జాకెట్ల కథ ఇంకా బాధాకరం. అది చాలావరకు తోలు కాదు, గుడ్డ మీద పాలీయురేతేన్ పూత. గాలిలోని తేమ ఆ పూత అణువుల గొలుసులను తెంపుతూ పోతుంది. ముందు మోచేతి మడత దగ్గర సన్నటి బీటలు, తర్వాత ఈకల్లా పొట్టు. డబ్బాలో ఉన్నా, బీరువాలో ఉన్నా అది తప్పదు. కొబ్బరినూనె, షూ పాలిష్ రాసినా ఆగదు. తేమ 40–50 శాతం మధ్య ఉంచితే నెమ్మదిస్తుంది, అంతే. పాలేరు పక్కన శ్రావణంలో ఆ అంకె ఏసీ లేకుండా రాదు. సిలికా జెల్ పొట్లాలు అంచులు బిగుతుగా మూసుకునే చిన్న అరలోనే పనిచేస్తాయి. నీలం గింజలు గులాబీ రంగుకు తిరిగితే వేడిచేసి మళ్లీ వాడుకోవాలి. నా మాటైతే, తోలు జాకెట్ బొమ్మ కొనేముందు పదిసార్లు ఆలోచించండి.

అపోహ: బీరువాలో నాలుగు కలరా ఉండలు పడేస్తే చాలు.

చీరల బీరువాలో అలవాటే, బొమ్మలకు పనికిరాదు. నాఫ్తలీన్ ఆవిరి పాలీస్టైరిన్ లాంటి ప్లాస్టిక్‌లను మెత్తబరుస్తుంది. ఉండ తగిలిన చోట గుంట పడుతుంది.

అపోహ: నేరుగా ఎండ తగలకపోతే భయం లేదు.

కిటికీ అద్దం అతినీలలోహిత కిరణాలను పూర్తిగా ఆపదు. యూవీ-ఏ చాలావరకు లోపలికి వస్తుంది. తెల్ల కవచాలు పసుపెక్కడం, ఎర్ర గుడ్డ వెలిసిపోవడం దాని పనే. కిటికీకి ఎదురు గోడను వదిలేయండి. బీరువాలో ఎల్ఈడీ పట్టీ పెట్టండి, దాని నుంచి యూవీ దాదాపు రాదు. పాత హాలోజెన్ దీపాలైతే మూసిన అద్దాల మధ్య పొయ్యి పెట్టినట్టే.

అపోహ: ఇది బంగారం లాంటి పెట్టుబడి.

బంగారాన్ని ఏ కంపెనీ కొత్త మోడల్‌గా విడుదల చేయదు. ఐరన్ మ్యాన్ మార్క్ 3 సూటునే హాట్ టాయ్స్ మొదట ప్లాస్టిక్‌లో, తర్వాత డైకాస్ట్ లోహంతో, ఆ పైన మరోసారి తెచ్చింది. కొత్తది మెరుగ్గా వస్తే పాతదాని ధర దిగుతుంది. పైగా బొమ్మల మీద మౌలిక కస్టమ్స్ సుంకం 2020 బడ్జెట్‌లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70కి పెరిగింది. సుంకంతో సహా కొన్న ధర తిరిగి రావడం కష్టం. తమాషా ఏమిటంటే, 90ల్లో ఫన్‌స్కూల్ ఇక్కడే చేసి పిల్లల చేతికిచ్చిన జీఐ జో బొమ్మల కోసం ఇప్పుడు విదేశీ సేకర్తలు వెతుకుతున్నారు. అప్పుడు వాటిని పెట్టుబడి అనుకుని దాచినవాళ్లు ఎందరు?

అపోహ: అర నిండితేనే ప్రదర్శన.

కొలువు మెట్లు నిండాలి, నిజమే. పేరంటానికి వచ్చినవాళ్లు కాసేపు నిలబడి చూసే పండగ అది. రోజూ చూసే బీరువాకు ఖాళీ కావాలి. ఒక అరలో మూడు బొమ్మలు, ఒకటి వెనక ఎత్తు పీట మీద, వాటి చూపులు ఒకదాన్నొకటి కలిసేలా పెడితే కథ తెలుస్తుంది. ముప్పై పెడితే దుకాణం. ఎగురుతున్నట్టు, ఒంటికాలి మీద వంగినట్టు నెలల తరబడి నిలబెడితే కీళ్లు వదులై, సూటు సాగుతుంది. స్టాండు నడుముకు తగిలించి తిన్నగా నిలపడమే మేలు. ఊళ్లో వడ్రంగి చేత బీరువా చేయిస్తే తలుపుల అంచుకు రబ్బరు పట్టీ వేయమని చెప్పండి. సూర్యాపేట రోడ్డు దుమ్ము ఆ సందులోంచే వచ్చి జిడ్డు మీద కూర్చుంటుంది. ఛాతీలో, కళ్లలో లైటు వెలిగే బొమ్మ అయితే చూశాక బటన్ సెల్స్ తీసి పక్కన పెట్టండి. సెల్ కారితే లోపలి తీగలు తుప్పు పడతాయి, ఆ లైటు మళ్లీ వెలగదు.