డోలు దెబ్బకో కంప్రెసర్, గొంతుకో కంప్రెసర్

ఒగ్గుకథను రికార్డు చేశాక మిక్సింగులో మొదట ఎదురయ్యే చిక్కు శబ్దాల హెచ్చుతగ్గులు. కథకుడు కాసేపు మెల్లగా ముచ్చట చెప్తాడు, అంతలోనే గొంతెత్తి రాగం తీస్తాడు, వెంటనే డోళ్లు అందుకుంటాయి. వేములవాడ దగ్గరి హన్మాజీపేటకు చెందిన మిద్దె రాములు వంటి కళాకారుల కథకు ఈ ఎత్తుపల్లాలే ప్రాణం. ఎదురుగా కూర్చున్నవారి చెవి వాటికి సర్దుకుంటుంది. ఫోన్ స్పీకరులో మాత్రం మెల్లని మాట వినపడదు, డోలు మోత పగిలిపోతుంది. ఈ అంతరాన్ని తగ్గించేది కంప్రెసర్.

థ్రెషోల్డ్ అనే హద్దు దాటిన శబ్దాన్నే అది అణచుతుంది. ఎంత అణచాలో రేషియో చెప్తుంది. థ్రెషోల్డ్ మైనస్ 20 డెసిబెల్స్, రేషియో 4:1 అనుకుందాం. మైనస్ 8కి లేచిన కేక హద్దును 12 డెసిబెల్స్ దాటినట్టు. అందులో నాలుగో వంతు, అంటే 3 డెసిబెల్సే మిగులుతాయి కనుక కేక మైనస్ 17 దగ్గర ఆగుతుంది. తర్వాత మేకప్ గెయిన్‌తో మొత్తాన్ని పెంచితే మెల్లని మాట కూడా పైకొస్తుంది.

థ్రెషోల్డ్, రేషియో ఎవరైనా తిప్పుతారు. మిక్స్ బాగుపడేదీ చెడేదీ అటాక్, రిలీజుల దగ్గరే. హద్దు దాటాక ఎంత వేగంగా పట్టుకోవాలన్నది అటాక్, ఎంత వేగంగా వదలాలన్నది రిలీజ్. డోలు దెబ్బలోని పదునంతా మొదటి కొన్ని మిల్లీసెకన్లలోనే ఉంటుంది. అటాక్ ఒక మిల్లీసెకను పెడితే ఆ పదును పోయి చప్పటి మోత మిగులుతుంది. 20, 30 మిల్లీసెకన్లు ఇస్తే దెబ్బ సాగిపోయి, వెనకాలి మోత మాత్రమే అణుగుతుంది. సెకనుకు నాలుగు దెబ్బలు పడే దరువులో దెబ్బకూ దెబ్బకూ మధ్య 250 మిల్లీసెకన్లే ఎడం. రిలీజ్ ఆలోపు ముగియకపోతే తర్వాతి దెబ్బలు నీరసిస్తాయి.

గొంతు సంగతి వేరు. 1960లలో వచ్చిన కంప్రెసర్ ఎల్‌ఏ-2ఏలో శబ్దాన్ని బట్టి ఒక దీపం వెలుగుతుంది, ఆ వెలుగుకు స్పందించే సెల్ శబ్దాన్ని తగ్గిస్తుంది. పట్టడానికి సుమారు 10 మిల్లీసెకన్లు, పూర్తిగా వదలడానికి సెకన్లు తీసుకుంటుంది కనుక రాగం ఎక్కడా కుదుపుగా వినపడదు. అదే దశకంలో బిల్ పట్నమ్ రూపొందించిన 1176 ట్రాన్సిస్టర్లతో నడిచేది. 20 మైక్రోసెకన్లలోనే పట్టేస్తుంది. హఠాత్తుగా లేచే కేకలను ముందు 1176 లాంటి దానితో కాస్త కోసి, ఆపైన ఎల్‌ఏ-2ఏ తరహా దానితో సమం చేయడం పాత పద్ధతే అయినా ఒగ్గుకథ గొంతుకు ఇంతకన్నా నప్పేది లేదు. ఇవన్నీ ఇప్పుడు ప్లగిన్లుగా దొరుకుతున్నాయి. పేరున్న ప్లగిన్ కొనేముందు సాఫ్ట్‌వేర్‌తో వచ్చే మామూలు కంప్రెసర్‌లో అటాక్, రిలీజులు వినడం నేర్చుకోవడం మేలు.

ఆదిలాబాద్ గూడేల దండారి నృత్యంలో ఇంకో చిక్కుంది. డోలు, గుమేల, పెప్రేలతో పాటు గుస్సాడీ నర్తకుల గజ్జెలు మోగుతాయి. అన్నిటి మీదా కలిపి ఒకే కంప్రెసర్ పెడితే డోలు పడ్డప్పుడల్లా గజ్జెలు మునిగి తేలుతుంటాయి. కంప్రెసర్‌ను కదిలించే సైడ్‌చెయిన్‌లో సుమారు 120 హెర్ట్జ్ కిందిది కోసేస్తే డోలు అడుగు మోత దాన్ని లాగదు, గజ్జెలు నిలకడగా ఉంటాయి.

మాస్టరింగులో పని తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. రేషియో 1.5:1 లేదా 2:1, తగ్గింపు ఒకటి రెండు డెసిబెల్స్, చివర శబ్దాన్ని మైనస్ 1 దాటనివ్వని లిమిటర్. అంతకు మించి మోగించాలన్న ఆరాటం వృథా. యూట్యూబ్ సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (సగటు గట్టితనపు కొలత) కన్నా గట్టిగా ఉన్న పాటను తానే తగ్గిస్తుంది. నలిగిన దెబ్బ మాత్రం నలిగినట్టే మిగులుతుంది. రేడియోకు పంపేదాన్ని ఇంకా తేలికగా వదలాలి. 1937లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ తెచ్చిన 110ఏ లిమిటర్ నుంచీ ప్రసార కేంద్రాలు ట్రాన్స్‌మిటర్‌కు ముందు తమ సొంత లిమిటర్ పెట్టుకుంటూనే ఉన్నాయి.