ప్రియదర్శిని పేటిక

1957లో విడుదలైన ‘మాయాబజార్’ చిత్రంలో ఒక పేటిక ఉన్నది. దాని పేరు ప్రియదర్శిని. మూత తెరచి చూచినవారికి తమకు మిక్కిలి ప్రియమైనదేదో అది కనిపించడం దాని మహిమ. శశిరేఖకు అభిమన్యుడు కనిపిస్తాడు. బలరామునికి శిష్యుడైన దుర్యోధనుడు, రేవతీదేవికి నగలు కనిపిస్తాయి. శ్రీకృష్ణునికి మాత్రం శకుని కనిపిస్తాడు! ఆ చమత్కారంలోని అంతరార్థాన్ని గూర్చి తెలుగు ప్రేక్షకులు నేటికీ వాదించుకొంటూనే ఉన్నారు.

ఆ చిత్రం వెలువడిన నాటికి భారతదేశంలో టెలివిజన్ ప్రసారమన్నదే లేదు. ఢిల్లీలో అది ఆరంభమైనది 1959 సెప్టెంబరులో. హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వెలసినది 1977లో. కనుక తెలుగువారిలో అధిక సంఖ్యాకులు టెలివిజన్ పెట్టెను ఇంట చూడడానికి ఎంతో ముందే అద్భుత కథలో చూచినారనవచ్చును. అంతేకాదు, చూచేవాని ఇష్టాన్ని కనిపెట్టి, ఆ ఇష్టాన్నే మరల మరల ముందుకు తెచ్చి పెట్టడమనే నేటి చరవాణి విద్య కూడా ఆ పేటికకు అప్పుడే పట్టుబడినది.

దర్శకుడు కె.వి.రెడ్డి అనంతపురం జిల్లా వారు. 1912లో తాడిపత్రి ప్రాంతంలో జన్మించినారు. గుత్తి జంక్షన్ నుండి రేణిగుంట వైపు పోయే రైలుమార్గం మీదిదే ఆ తాడిపత్రి. ఏటా సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే జిల్లా ఇది. ఆ వాన కూడా నమ్మదగినది కాదు. ‘మాయాబజార్’కు ఆరేండ్ల ముందు, 1951లో, ఆయనే ‘పాతాళభైరవి’ని తీసినారు. నేల ఎండినచోట ఊహ పండుతుందని ఇందుమూలంగా ఒక సిద్ధాంతం లేవదీయవచ్చును గాని, అది తొందరపాటు. కాశీమజిలీ కథలు వ్రాసిన మధిర సుబ్బన్న దీక్షితులు గోదావరి తీరపు వారు గదా! అద్భుతం మీది ఆశ ఏ ఒక్క నేలకూ సొంతం కాదు.

ఆ ఆశ ముదిరితే లోకం దానికి పిచ్చి అని పేరు పెడుతుంది. ఆంగ్లంలో ‘గీక్’ అనే మాట ఉన్నది. ఒకప్పుడు సంతలలో బ్రతికివున్న కోడి తలను కొరికి చూపే గారడీవానిని అమెరికాలో ఆ మాటతో పిలిచేవారు. ఇప్పుడు అదే మాట, మాంత్రికులూ అంతరిక్ష నౌకలూ గల కథలను శాస్త్రగ్రంథాల వలె పఠించేవారికి బిరుదైనది. బిరుదులకు కూడా ప్రారబ్ధం తిరుగుతుంది కాబోలు! 1966లో అమెరికా టెలివిజన్‌లో మొదలైన ‘స్టార్ ట్రెక్’ ధారావాహిక ఆగిపోనున్నదన్న వార్త పుట్టినప్పుడు, దాని అభిమానులు 1968లో ఉత్తరాల ఉద్యమం నడిపినారు. మూడవ విడత వచ్చినది; 1969లో అది ముగిసినది. ప్రేక్షకుడు కథకు కాపలాదారు కావచ్చునని లోకం గుర్తించిన సందర్భాలలో అది ఒకటి.

ఈ కాపలాదారులు ఎంత నిక్కచ్చి మనుషులో ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ విషయంలో తెలిసినది. 2011 నుండి 2019 వరకు ఎనిమిది విడతలుగా, 73 భాగాలుగా ప్రసారమైన ఈ ధారావాహికలో రెక్కల పాములు ఉన్నవి, చచ్చి లేచిన సైన్యాలున్నవి. వానిని చూచి ప్రేక్షకులెవరూ అభ్యంతరం చెప్పలేదు. తొలి విడతలలో నెలల తరబడి సాగిన ప్రయాణాలు తుది విడతలలో ఒక్క భాగంలోనే ముగిసిపోవడం వారికి పట్టరాని కోపం తెప్పించినది. నిప్పులు చిమ్మే పామును నమ్మినవాడు గుర్రపు నడక దగ్గర లెక్క అడిగినాడు! తుది విడతను తిరిగి తీయవలెనని కోరుతూ పది లక్షలకు పైగా జనం సంతకాలు చేసినారు. కోరిక బాలిశమే. దాని వెనుకనున్న తర్కం మాత్రం బాలిశం కాదు.

తెలుగు పిల్లలకు ఆ తర్కం కొత్తది కూడా కాదు. భేతాళ కథల కట్టడి ఎంత బిగువైనదో చూడండి. జవాబు తెలిసి చెప్పకపోతే విక్రమార్కుని తల పగులుతుంది. నోరు విప్పితే మౌనభంగమై శవంతో సహా భేతాళుడు చెట్టెక్కుతాడు. రెండు నియమాలు, నడుమ ఒక రాజు. అంతులేనన్ని కథలు ఆ ఇరుకు సందులో నడచినవి. 1985లో దూరదర్శన్ ఈ కథలను హిందీలో ప్రసారం చేసినప్పుడు, భాష అంతగా అందని తెలుగు ఇండ్లలో సైతం పిల్లలు కథను అందుకొన్నారంటే, ‘చందమామ’ వారికి ఆ నియమాలను ముందే నేర్పి ఉండడమే కారణం.

‘చందమామ’ను 1947 జులైలో స్థాపించిన నాగిరెడ్డి, చక్రపాణి గారలే ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ చిత్రాలకు నిర్మాతలు. ఒకే చేతులు పిల్లలకు పుస్తకంలోను, పెద్దలకు తెరమీదను అద్భుతాన్ని వడ్డించినవి. 1954లో ‘తోకచుక్క’తో మొదలుకొని దాసరి సుబ్రహ్మణ్యం గారు వ్రాసిన ధారావాహికలు ఆ పత్రికలో రచయిత పేరు లేకుండానే వెలువడినవి. ప్రతి నెలా పోస్టుమాను కోసం వీథిలో నిలుచున్న బాలురకు ‘ముగ్గురు మాంత్రికులు’ తెలుసు, ‘రాకాసిలోయ’ తెలుసు. వానిని సృష్టించినదెవరో తెలియదు. ఆ పేరును తరువాతి కాలంలో ఊరూరా పలికించినది ఆ బాలురే, పెద్దవారైన పిదప. పాత సంచికలు దాచినవారు, బొమ్మల గీతను బట్టి చిత్రకారుని పోల్చగలవారు, ఏ కథ ఏ ఏటిదో కంఠతా చెప్పగలవారు. వీరు చేసినది విశ్వవిద్యాలయాలు చేయవలసిన పని. దానికి పిచ్చి అని పేరు పెట్టడం ఎంతవరకు న్యాయం?

భాష మాటకు వస్తే మరింత విడ్డూరం. 2015లో ‘బాహుబలి’ చిత్రంలో కాలకేయుల కోసం మదన్ కార్కీ ‘కిలికి’ అనే భాషను కల్పించినారు. కుర్రవారు దానిని నేర్వబూనినారు, పెద్దలు నవ్వినారు. ఆ పెద్దలే నిత్యవ్యవహారంలో ‘అసమదీయులు’, ‘తసమదీయులు’ అంటారు. ఆ మాటలు ఏ నిఘంటువు నుండి వచ్చినవి? ‘మాయాబజార్’లో పింగళి నాగేంద్రరావు గారి రాక్షసుల నోటి నుండి. ఎవరూ పుట్టించకుండా మాటలెట్లా పుడతాయన్న ప్రశ్న కూడా ఆ చిత్రంలోనిదే గనుక, దానికి ఇంతకంటె జవాబు అక్కరలేదు.

అయినను ఉపాధ్యాయులకు గల బెంగ ఒకటి తోసిపుచ్చరానిది. పిల్లవాడు లేని రాజ్యాల పటాలు గీస్తాడు. ఉన్న ఊరి పటం ఎరుగడు. పలాయనమనే నింద ఎప్పటినుండో ఉన్నదే. ఆంగ్ల రచయిత టోల్కీన్ 1939లో చేసిన ప్రసంగంలో దీనికి సమాధానమిస్తూ, చెరసాలలోనివాడు ఇంటిని తలచుకొంటే తప్పేమి అని వాదించినాడు. మంచి సమాధానమే గాని, గుత్తి బడిలోని పిల్లవానికి చాలదు. వాని ఇంటి కిటికీలోనుండి కనిపించేది చెరసాల కాదు, నిజమైన కోట. మాహిష్మతి కోట హైదరాబాదు చెంత స్టూడియోలో కట్టినది. ఆ పేరుగల అసలు నగరం నర్మదా తీరాన ఉండేది. గుత్తి కొండ మాత్రం సుమారు 300 మీటర్ల ఎత్తున ఊరి నెత్తిమీదనే ఉన్నది. బుక్కరాయల కాలపు శాసనం దీనిని దుర్గాలకు రాజని పొగడినది. అంచున మురారిరావు గద్దె ఉన్నది. అక్కడ కూర్చుండి ఆయన చదరంగమాడేవాడని ప్రతీతి.

మాయాదుర్గాల ముట్టడులలో లెక్క తప్పితే సహించని కుర్రవాడు ఈ ముట్టడిని కూడా అదే కంటితో చూడవచ్చును. మహారాష్ట్ర సేనాని మురారిరావు ఘోర్పడేపై హైదరాలీ దండెత్తి వచ్చినాడు. నెలలు గడచినవి. ఊరు పడినది, కొండ పడలేదు. రాతి గోడలు, వరుస ద్వారాలు, పైన తిండి గింజలు. లోపల ఎంత జనం, ఎన్ని గుర్రాలు, ఎన్ని గుంటల నీరు? సంధి మాటలకు క్రిందికి దిగివచ్చిన దూత, కోటలో నీరు ఇక కొద్ది రోజులకే సరిపడుతుందన్న రహస్యాన్ని హైదరు ఎదుట జారవిడిచినాడని చరిత్రకారులు వ్రాసినారు. హైదరు సంధిని సాగదీసినాడు. అతడు చేయవలసినదల్లా వేచియుండుటయే. 1776లో నీరు లేక కోట వశమైనది. మురారిరావు బందీగా మైసూరు సీమలోని కబ్బాళదుర్గానికి పోయి అక్కడనే మరణించినాడు. వాన నీటిని పట్టి నిలువచేయడానికి బండలో తొలిచిన ఆ గుంటలు గుత్తి కొండమీద ఇప్పటికీ ఉన్నవి.