పుండు ఒకచోట... రోగం మరోచోట!

సరిగ్గా కూర్చోలేరు. బండెక్కాలంటే భయం. లోదుస్తులకు చీము మరకలు. అయినా ఇంట్లో నోరు విప్పరు. చెప్పుకునే చోటా అది! ఆఖరికి నొప్పి భరించలేక చెబితే 'వేడి చేసుంటుంది, మజ్జిగ తాగు' అంటారు పెద్దవాళ్లు. మొలలేమోనని మందుల షాపు నుంచి ఓ ట్యూబు తెచ్చుకుంటారు. అదీ పనిచేయకపోతే గడ్డ కోయించుకుంటారు. హమ్మయ్య అనుకునేలోగా, మూడు నెలలకు ఆ పక్కనే ఇంకో గడ్డ. మళ్లీ కోత...

మలద్వారం పక్కన చీముగడ్డ లేవడం అరుదేమీ కాదు. లోపలుండే చిన్న గ్రంథి మూసుకుపోయి చీము పడుతుంది. ఆ చీము చర్మం దాకా సొరంగంలా దారి చేసుకుంటే అదే భగందరం... డాక్టర్ల భాషలో ఫిస్టులా. చాలామందిలో ఇది అక్కడికక్కడ పుట్టిన బాధే కాబట్టి అక్కడ బాగుచేస్తే పోతుంది. కొందరిలో మాత్రం అసలు రోగం పైన, పేగుల్లో ఉంటుంది. అదే క్రోన్స్‌ వ్యాధి.

న్యూయార్క్‌లోని మౌంట్‌ సినాయ్‌ ఆసుపత్రి వైద్యుడు బరిల్‌ క్రోన్‌, మరో ఇద్దరు సహచరులు కలిసి 1932లో 14 మంది రోగుల వివరాలు ప్రచురించారు. అలా ఆయన పేరే దీనికి స్థిరపడింది. శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక వ్యవస్థే పేగుల్లో వాపు పుట్టిస్తుంది. ఆ వాపు పైపొరతో ఆగదు, గోడ మొత్తానికీ పాకుతుంది. సొరంగాలు పడేది అందుకే. అమెరికాలోని ఓమ్‌స్టెడ్‌ కౌంటీలో క్రోన్స్‌ రోగులను పరిశీలిస్తే, 20 ఏళ్ల కాలంలో సుమారు నలుగురిలో ఒకరికి మలద్వారం దగ్గర ఫిస్టులా వచ్చింది. కొందరిలో కడుపునొప్పి, విరేచనాల కంటే ముందే ఇది బయటపడుతుంది. దాంతో పేగుల వైపు ఎవరి దృష్టీ పోదు.

గడ్డ మళ్లీ మళ్లీ లేస్తున్నా, ఒకటికి మించి రంధ్రాలున్నా, వారాల తరబడి విరేచనాలు, బరువు తగ్గడం, రక్తహీనత తోడైనా, పిల్లల్లో ఎదుగుదల ఆగినా... 'ఇది క్రోన్స్‌ కావచ్చా?' అని డాక్టరును అడగాల్సిందే. కొలనోస్కోపీ చేసి చిన్న ముక్క తీసి పరీక్షిస్తారు. మన దగ్గర ఇంకో చిక్కుంది. పేగులకొచ్చే క్షయ కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. రెండింటినీ విడదీయడం అనుభవమున్న వైద్యులకూ కష్టమే.

దారం మర్చిపోలేదు!

చికిత్సలో వరస ముఖ్యం. మొదట చీము బయటికి పోవాలి. యాంటీబయాటిక్స్‌ సాయపడతాయి గానీ నిండిన గడ్డను అవే ఖాళీ చేయలేవు. లోపల చీము ఉండగా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులిస్తే ఇన్‌ఫెక్షన్‌ ముదురుతుంది. ఎమ్మారై తీస్తే సొరంగం ఎటు వెళ్తోందో, ఎన్ని కొమ్మలేసిందో తెలుస్తుంది. తర్వాత మత్తిచ్చి, సొరంగం గుండా మెత్తటి దారమో సన్నటి రబ్బరు తీగో దూర్చి వదులుగా ముడేస్తారు. దీన్నే సీటన్‌ అంటారు. 'ఇదేంటి, దారం లోపలే వదిలేశారు!' అని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. అది కావాలని ఉంచిందే. దారి మూసుకుపోకుండా, చీము ఎప్పటికప్పుడు కారిపోయేలా చూస్తుంది. నెలల తరబడి ఉంచినా ఇబ్బంది లేదు, స్నానమూ మామూలుగానే చేయొచ్చు.

సొరంగాన్ని పూర్తిగా కోసి తెరిచేయొచ్చుగా? మలాన్ని ఆపి ఉంచే కండర వలయం అక్కడే ఉంది. అసలే విరేచనాలతో బాధపడే మనిషికి ఆ కండరం కొంచెం దెబ్బతిన్నా బతుకు నరకమే. పైగా క్రోన్స్‌లో గాయం త్వరగా మానదు. అందుకే పైపైనున్న చిన్న సొరంగాలను తప్ప కోయరు.

మరి ఆయుర్వేద క్షారసూత్రం? మామూలు భగందరానికి అది మంచి వైద్యమే. 1991లో వెలువడిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనంలో, శస్త్రచికిత్స తర్వాత 11 శాతం మందికి తిరగబెడితే క్షారసూత్రంతో 4 శాతం మందికే తిరగబెట్టింది. కానీ ఆ దారం పని వేరు. అది మెల్లగా కోసుకుంటూ పోతుంది. క్రోన్స్‌లో కోత దారాలు వద్దనే అంటారు నిపుణులు. కాబట్టి ఏ దారం వేయించుకున్నా ముందు పేగుల సంగతి తేలాలి.

మందు ఆపితే...

చీము తగ్గాక అసలు వైద్యం పేగులకు. స్టెరాయిడ్లు ఫిస్టులాను మాన్పవు. ఇన్‌ఫ్లిక్సిమాబ్‌ అనే ఇంజెక్షన్‌తో పరిస్థితి మారింది. 1999లో ఫలితాలు వెలువడిన 94 మంది అధ్యయనంలో, కిలో బరువుకు 5 మిల్లీగ్రాముల చొప్పున మందు తీసుకున్నవారిలో 55 శాతం మందికి రంధ్రాలన్నీ మూసుకున్నాయి. ఉత్తుత్తి మందు తీసుకున్నవారిలో అలా జరిగింది 13 శాతం మందికే. అయితే ఆ మేలు చాలామందిలో మూడు నెలలకు మించలేదు. అందుకే ఇప్పుడు మొదటి మూడు మోతాదుల తర్వాత 8 వారాలకోసారి కొనసాగిస్తారు. మొదలెట్టే ముందు క్షయ పరీక్షలు తప్పనిసరి. లోపల నిద్రపోతున్న క్షయను ఈ మందు లేపగలదు.

ఖర్చు మాట దాచలేం. ఇదే కోవకు చెందిన అడాలిముమాబ్‌కు 2014 డిసెంబరులో మన దేశంలోనే చవక రకం వచ్చింది. అయినా మధ్యతరగతికి భారమే. ఎన్నాళ్లు వాడాలో, ఎంతవుతుందో మొదటి రోజే డాక్టరును అడగడం మేలు. మధ్యలో ఆపేయడం కంటే అది నయం. ఇక 'మూలకణాలతో మాయం' అన్న ప్రకటనలు చూసి పరిగెత్తకండి. ఐరోపాలో 2018లో అనుమతి పొందిన అలాంటి మందు తర్వాతి పెద్ద పరీక్షలో నెగ్గలేదు. 2024లో దాన్ని వెనక్కి తీసుకున్నారు. సిగరెట్‌ మానేయడం మాత్రం ఖర్చులేని వైద్యం. పొగ క్రోన్స్‌ను ముదరబెడుతుంది.

ఇంట్లోవాళ్లు ఒకటి గమనించాలి. రోజూ కారే చీము హఠాత్తుగా ఆగి, జ్వరం, సలుపు మొదలైతే నయమైందని సంబరపడొద్దు. దారి మూసుకుపోయి గడ్డ కడుతోందేమో, ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

పెళ్లి, పిల్లల సంగతేమిటన్నది ఆడపిల్లల తల్లిదండ్రుల దిగులు. జబ్బు అదుపులో ఉంటే చాలామంది తల్లులవుతున్నారు. ప్రసవం నాటికి మలద్వారం దగ్గర పుండ్లు మానకుండా ఉంటే మాత్రం సిజేరియన్‌ మంచిదంటారు. అందుకే నెల తప్పగానే గైనకాలజిస్టుకు ఫిస్టులా సంగతి చెప్పాలి. నోటితో చెప్పడానికి సిగ్గయితే, చీటీ మీద రాసిచ్చినా సరే.