గదులుగల లోహచూర్ణము – రాచపుండు చికిత్స

మా పినతల్లిగారికి రొమ్మునందు రాచపుండు బయలుదేరినదని వైద్యులు నిర్ణయించి శస్త్రచికిత్సకు దినము నియమించిరి. ఆ వారముననే బంధువొకరు వచ్చి, "లోహముతో గట్టిన గదులలో మందునుంచి పుండున్నచోటికే పంపు క్రొత్త విధానము వచ్చినదట. దానికి నోబెలు బహుమానము గూడ నిచ్చినారట. ఇంక ఈ కోతలు, జుట్టూడు మందులు నేల?" యని చెప్పిపోయిరి. నాటినుండి ఆమె, "నాలుగు నెలలు ఆగి చూచెదనమ్మా" యని మొదలిడెను. మావారు తెచ్చిన శాస్త్రపత్రికలను మేము కూర్చుండి చదివి, మాకు బోధపడినంతవరకు ఆమెకు చెప్పితిమి. దానినే సోదరీమణులకును విన్నవించుచున్నాము.

వీనిని లోహసేంద్రియ చట్రములందురు. పేరు కఠినమే గాని స్వరూపము మనకు క్రొత్తది గాదు. చుక్కల ముగ్గును దలచుకొనుడు. చుక్కలు లోహపరమాణువుల గుంపులు. వానిని గలుపు గీతలు కర్బనము ప్రధానముగా గల అణువులు. ముగ్గు నేలపై బరచియుండును. ఇది పైకిని బ్రక్కలకును బెరిగి అంతస్తులుగల మేడవలె నిలుచును. నడుమ మిగిలిన శూన్యమే గది. కంటికి పిండివంటి పొడియే కనబడును. కాని గదుల గోడలన్నియు విప్పి పరచినచో, రెండు గ్రాముల పొడి యొక ఫుట్‌బాలు ఆటస్థలమంత చోటు నాక్రమించునట!

ఈ యూహ పాఠము చెప్పుటకై చేయించిన బొమ్మలనుండి పుట్టినదని చదివి, ఉపాధ్యాయుని ఇంట నున్న మేము మిక్కిలి సంతసించితిమి. 1974లో ఆస్ట్రేలియాయందలి మెల్బోర్న్ విశ్వవిద్యాలయమున రిచర్డ్ రాబ్సన్ విద్యార్థులకు అణువుల ఆకృతులు చూపుటకై కొయ్యబంతులకు బెజ్జములు వేయించెను. బంతులెట్లు కూడవలెనో ఆ బెజ్జములే నిర్ణయించుచున్నవని గ్రహించి, నిజమైన పరమాణువులతోను అట్లు కట్టరాదా యని తలపోసెను. 1989లో రాగితో నట్టి చట్రమును గట్టి ప్రకటించెను గాని యది సులభముగా గూలునది. 1997లో జపాను దేశీయుడగు సుసుము కితగావా, వాయువులు లోనికి బోయి వెలికి వచ్చినను చెడని చట్రములను జూపెను. మూడవవాడు ఒమర్ యాగీ. జోర్డాను రాజధానియగు అమ్మానులో, విద్యుద్దీపమైనను లేని యొంటిగది యింట, పెక్కుమంది తోబుట్టువుల నడుమ బెరిగినవాడు. 15వ యేట అమెరికాకు బోయి చదివి, 1995లో ఈ పదార్థములకు పేరిడి, 1999లో 300 డిగ్రీల వేడికిని గూలని చట్రమును నిర్మించెను. ఈ మువ్వురికిని 2025లో రసాయనశాస్త్రమున నోబెలు బహుమానము లభించినది. అది యిట్టి పదార్థములను నిర్మించినందుకే గాని రాచపుండును మాన్పినందుకు గాదు. మా బంధువు మరచినది ఈ భేదమునే.

అయినచో రాచపుండునకు వీనితో నేమి సంబంధము? ఇప్పుడు వాడు మందులు పెక్కు రక్తముతో దేహమంతట దిరుగుచు, వడిగా బెరుగు కణములను జంపును. వెంట్రుకల కుదుళ్లును, ప్రేగులలోని పొరయు గూడ వడిగా బెరుగునవే గనుక అవియు దెబ్బతినును. జుట్టూడుటకు గారణ మిదియే. మందును గదులలో నుంచి, పుండు చేరువరకు మూసియుంచగలిగినచో ఈ బాధ తగ్గునని శాస్త్రజ్ఞుల యాశ. రాచపుండు పరిసరము ఆరోగ్యమైన దేహభాగముకంటె నించుక ఆమ్లము, అనగా పులుపు, కలిగియుండును. రక్తములో నిలిచి, ఆ పులుపు తగిలినంతనే విడిపోయి మందును వదలు చట్రములను గట్ట బ్రయత్నించుచున్నారు.

2010లో ఫ్రాన్సుదేశమున పత్రీసియా ఓర్కహాదాయు నామె సహచరులును ఇనుముతో గట్టిన చట్రములను బరీక్షించిరి. ఒక్కొక్క రేణువు వెంట్రుక మందములో కొన్నివందలవ వంతు. రక్తపు రాచపుండునకు వాడు బుసల్ఫాన్ అను మందు అంతకుముందటి వాహకములలో నూటికి 5, 6 పాళ్లకు మించి యిముడలేదు. ఈ గదులలో 25 పాళ్లవర కిమిడినది. అంతేగాక, చట్రములోని యినుము కారణముగా ఎం.ఆర్.ఐ. అను అయస్కాంత చిత్రమున, ఎలుకల కాలేయమందు ఆ పొడి చేరిన తావులు వేరుగ గనబడినవి. మందును మోయు బండియే తానెచట నున్నదో దీపము చూపినట్లు! రోగనిర్ణయమును చికిత్సయు నొక్కదానివలననే సాధ్యపడునను నూహకు బలము గలిగినది.

కిరణచికిత్సయందును వీని నుపయోగింప జూచుచున్నారు. అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయమున వెన్‌బిన్ లిన్ మొదలగువారు హాఫ్నియము అను బరువైన లోహముతో చట్రములు గట్టిరి. వానిని సూదితో పుండులోనికే యెక్కించి ఎక్స్‌కిరణములను బ్రసరింపజేయుదురు. లోహము కిరణశక్తిని మిక్కుటముగా గ్రహించి, పుండుకణములను నశింపజేయు తీవ్రమైన ప్రాణవాయు రూపములను పుట్టించును. ఇట్టిదానిని మనుష్యులపై తొలిమెట్టుగా 2018లో బరీక్షింప నారంభించిరి.

ఇక చిక్కులు. మందు విడిచిన పిమ్మట లోహ మెక్కడికి బోవును? కాలేయమునను ప్లీహమునను బేరుకొని హాని చేయునా? రక్తములో త్రోవలోనే చట్రము విడిపోవునా? పరిశోధనశాలలో చిటికెడు చేసినంత శుద్ధముగా బస్తాలకొలది చేయవచ్చునా? వీనికి సమాధానములు సంపూర్ణముగా దొరకవలసియున్నది. కణములపై, ఎలుకలపై ఫలించిన మందులలో పెక్కు మనుష్యుల యొద్ద నిలువవు. కావుననే రాచపుండు రోగులందరికి వైద్యాలయములలో నిచ్చు మందుగా ఇవి యింకను అనుమతి పొందలేదు.

ఇదంతయు విని మా పినతల్లిగారు, "అయితే నేను ఆగితే అది ఆగదన్నమాట" యనిరి. అవును. క్రొత్త మందు వచ్చువరకు పుండు పెరుగక కూర్చుండదు. ఆమె నియమిత దినముననే శస్త్రచికిత్సకు బోయిరి. పిమ్మట మందుల బాధయు బడిరి, జుట్టును బోయినది. ఇప్పుడు పసిబిడ్డకువలె మరల మొలచుచున్నది. మొన్న అద్దములో జూచుకొని నవ్విరి.

మనదేశమున స్త్రీలకు వచ్చు రాచపుండ్లలో రొమ్మున వచ్చునదే యధికము. రొమ్ములో నొప్పిలేని గడ్డ, చన్మొననుండి రక్తము, ముట్లుడిగిన పిమ్మట రక్తస్రావము, మూడు వారములైనను మానని నోటిపుండు – వీనిలో నేది కనబడినను సిగ్గుపడి దాచుకొనక వెంటనే వైద్యుని జూడుడు. రాబోవు వైద్యమును గూర్చి యాశ మంచిదే; మేమును ఆ వార్తలకై కాచుకొనియే యున్నాము. కాని ఆ యాశతో నేటి చికిత్సను మాత్రము వాయిదా వేయవలదని సోదరీమణులను వేడుకొనుచున్నాము.