జెన్‌కిన్స్: విడుదల చేసే యంత్రం కథ

ఇబ్రహీంపట్నం మండలంలో సాగర్ రోడ్డుకు ఇటూ అటూ ఇంజనీరింగ్ కాలేజీలే. శేరిగూడ, మంగళ్‌పల్లి, పటేల్‌గూడ అంటే ఇప్పుడు పొలాలకంటే ముందు కాలేజీ బస్సులు గుర్తొస్తాయి. ఫైనలియర్ ప్రాజెక్టు వైవాలప్పుడు ఏ ల్యాబ్‌లోనైనా వినబడే మాట ఒకటుంది: "నా ల్యాప్‌టాప్‌లో నడిచింది సార్!" రాసినవాడి దగ్గర నడిచిన ప్రోగ్రాం పక్క కంప్యూటర్‌లో మొరాయిస్తుంది. సరిగ్గా ఈ ఇబ్బందిలోంచే జెన్‌కిన్స్ పుట్టింది. అమీర్‌పేటలో డెవాప్స్ నేర్చుకున్న చాలామంది రెజ్యూమెల్లో ఆ పేరుంటుంది. దాని కథ మాత్రం అంతమందికి తెలియదు.

2004లో సన్ మైక్రోసిస్టమ్స్‌లో కోసుకే కవాగుచీ అనే జపాన్ ఇంజనీరు పనిచేసేవాడు. తను చేర్చిన కోడ్ వల్ల బిల్డ్ ఆగిపోయినప్పుడల్లా తోటివాళ్లతో చీవాట్లు తినాల్సి వచ్చేది. ఎవరైనా పట్టుకునేలోపే తప్పు తనకే తెలిసిపోవాలని ఒక ప్రోగ్రాం రాసుకున్నాడు. కొత్త కోడ్ చేరిందా అని అది కనిపెట్టుకుని ఉంటుంది. చేరగానే మొత్తం కట్టి, పరీక్షలు నడిపి, ఫలితం చూపిస్తుంది. దానికి హడ్సన్ అని పేరు పెట్టి 2005 ఫిబ్రవరిలో అందరికీ ఇచ్చేశాడు. ప్రాజెక్టు ఆరోగ్యాన్ని అది వాతావరణ సూచనలా చూపేది. ఈమధ్య బిల్డులన్నీ బాగుంటే సూర్యుడు, వరసగా చెడుతుంటే మబ్బు, ఆపైన ఉరుముల వాన.

2010లో సన్ కంపెనీ ఒరాకిల్ చేతికి వెళ్లింది. కోడ్ ఎక్కడ ఉంచాలి, హడ్సన్ పేరు మీద హక్కు ఎవరిది అని తగవు మొదలైంది. 2011 జనవరిలో ఓటు పెడితే పేరు మార్చుకుందామన్నవాళ్లు 214 మంది, వద్దన్నవాళ్లు 14 మంది. అలా జెన్‌కిన్స్ అయింది. పాత పేరుతో మిగిలిన హడ్సన్ కొన్నేళ్లకు ఆగిపోయింది. పేరు కంపెనీకి వదిలేసి, పని తమతో తీసుకెళ్లిన ఈ సముదాయమంటే నాకు గౌరవం.

నన్ను అంతకంటే కట్టిపడేసింది వాళ్ల విడుదల పద్ధతి. జెన్‌కిన్స్ వారానికో కొత్త వెర్షన్ ఇస్తుంది. వారంవారం సర్వర్ ఆపి మార్చుకోవడం ఆసుపత్రులకూ బ్యాంకులకూ కుదిరే పని కాదు. అందుకే 2011లోనే ఎల్‌టీఎస్ (దీర్ఘకాలిక మద్దతు) అనే రెండో వరస మొదలుపెట్టారు. 12 వారాలకోసారి ఇటీవలి వారపు విడుదలల్లోంచి ఒకదాన్ని పునాదిగా ఎంచుకుంటారు. ఆ ఎంపికలో వాడినవాళ్ల మాటకు విలువుంది. ప్రతి వెర్షన్ మార్పుల జాబితా పక్కన అవే సూర్యుడు, మబ్బు, వాన బొమ్మలుంటాయి. ఇబ్బంది లేకపోతే సూర్యుణ్ణి నొక్కుతారు, పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్లాల్సి వస్తే వానను నొక్కుతారు. పునాది ఖాయమయ్యాక కొత్త హంగులేవీ అందులోకి రావు. వారపు విడుదలలో కొంతకాలం నలిగి నిలిచిన సవరణలే వస్తాయి.

ఇంత చేసిన యంత్రం సొంత విడుదల మాత్రం ఏళ్ల తరబడి ఒక మనిషి చేతిలోనే ఉండిపోయింది. జెన్‌కిన్స్ ప్యాకేజీల మీద డిజిటల్ సంతకం కవాగుచీ సొంత పేరుతోనే ఉండేది. ఆయనకు జ్వరమొస్తే? ఆ సంతకం చేసే డిజిటల్ తాళం పోతే? 2020లో ఆ పనిని సర్వర్ మీదికి మార్చి, ప్రాజెక్టు పేరుతో కొత్త తాళం, కొత్త సంతకం పెట్టారు. ఇప్పుడు వెర్షన్ నంబరు వేయడం, పరీక్షలు నడపడం, డెబియన్‌కూ రెడ్‌హ్యాట్‌కూ విండోస్‌కూ వేర్వేరు ప్యాకేజీలు కట్టడం, సంతకం చేసి లోకానికి పంపడం అన్నీ జెన్‌కిన్సే చేస్తుంది. 2020 తాళానికి మూడేళ్లే గడువు. 2023లో దాన్ని మార్చారు. తాళానికి గడువు పెట్టడం కూడా ప్రణాళికలో భాగమే.

ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు కింద సాగు చేసినవాళ్లను అడగండి, తూము ఎత్తినంత మాత్రాన పని అయిపోదంటారు. తూము పక్కనున్న పొలానికి ఎలాగూ నీళ్లొస్తాయి. వంతులు వేసుకునేది చివరి మడికోసం. విడుదల చేసేవాళ్ల కష్టం కూడా అక్కడే ఉంది.

2024లో అది తేలిపోయింది. జెన్‌కిన్స్‌కు కమాండ్ లైన్ నుంచి ఆదేశం ఇచ్చేటప్పుడు '@' గుర్తు పక్కన ఫైలు పేరు రాస్తే, ఆ ఫైలులో ఉన్నది చదివి అక్కడ పెట్టే సౌకర్యం ఒకటుండేది. కవాగుచీయే రాసిన ఆర్గ్స్‌ఫోర్‌జే అనే లైబ్రరీలోంచి వచ్చిందది. అనుమతి లేనివాళ్లు కూడా దాన్ని అడ్డం పెట్టుకుని సర్వర్‌లోని ఫైళ్లు చదవొచ్చని భద్రతా పరిశోధకులు కనిపెట్టారు. జనవరి 24న 2.442 వారపు వెర్షన్, 2.426.3 ఎల్‌టీఎస్ రెండూ ఒకేరోజు సవరణతో వచ్చాయి. తూము దగ్గర ఏ లోపమూ లేదు.

అదే ఏడాది జూలై 31న మన దేశంలో సుమారు 300 చిన్న బ్యాంకుల యూపీఐ చెల్లింపులకు ఆటంకం కలిగింది. సహకార, గ్రామీణ బ్యాంకులకు సేవలందించే ఒక సంస్థ మీద రాన్సమ్‌వేర్ దాడి జరగడంతో, యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ దాన్ని తన వ్యవస్థ నుంచి తాత్కాలికంగా వేరుచేసింది. ఆ సంస్థతో కలిసి పనిచేసే మరో సంస్థలో సరిగా అమర్చని జెన్‌కిన్స్ సర్వర్ నుంచే దాడి మొదలైందనీ, జనవరిలో సవరించిన లోపాన్నే వాడుకున్నారనీ భద్రతా సంస్థ క్లౌడ్‌సెక్ తన పరిశీలనలో చెప్పింది. సవరణ వచ్చి అప్పటికి ఆరు నెలలు. ఊళ్లో చిన్న బ్యాంకు ఖాతాదారుకి జెన్‌కిన్స్ అనే పేరే తెలియదు, ఇబ్బంది పడింది మాత్రం అతనే.

అందుకే ల్యాబ్‌లో జెన్‌కిన్స్ పెట్టుకునే విద్యార్థులకు నేను ముందు ఎల్‌టీఎస్ వరసే ఎంచుకోమంటాను. రాబోయే ఎల్‌టీఎస్ తేదీలు ప్రాజెక్టు క్యాలెండర్‌లో ముందుగానే ఉంటాయి. వాటిని సెమిస్టర్ పరీక్షల తేదీల పక్కన రాసుకుని, ఆ రోజు బ్యాకప్ ఎవరు తీయాలో, సర్వర్ ఎవరు ఆపాలో పేర్లతో సహా ఇప్పుడే అనుకోవచ్చు.