పిల్లల గదిలో బీరువా గోడకు బిగించారా?

ఓ రాత్రి నేను డ్యూటీలో ఉండగా నాలుగేళ్ల బాబును తల్లిదండ్రులు క్యాజువాలిటీకి ఎత్తుకొచ్చారు. పైన పెట్టిన బొమ్మ కోసం సొరుగులు ఒక్కొక్కటీ బయటికి లాగి, మెట్లెక్కినట్టు ఎక్కాడట. బరువు ముందుకు పడటంతో సొరుగుల బీరువా వాడి మీదికే ఒరిగింది. చెయ్యి విరిగింది. అదృష్టం బాగుండి తలకు దెబ్బ తగల్లేదు. 'పోయిన నెలే కొన్నాం డాక్టరుగారూ' అన్నాడు తండ్రి. దాన్ని గోడకు బిగించుకోమని ఇచ్చిన క్లాంపులు పెట్టెలోనే ఉండిపోయాయి.

పిల్లల గదికి ఫర్నిచర్ కొనేటప్పుడు రంగు, డిజైన్, ధర చూస్తాం. వాటికంటే ముందు చూడాల్సినవి రెండున్నాయి. పిల్లలు దాన్ని ఎలా వాడతారు? వాళ్లు ఎదిగాక కూడా అది పనికొస్తుందా?

గోడకు ఆసరా

బీరువా, పుస్తకాల అర, సొరుగుల బల్ల... ఎత్తయినది ఏదైనా స్క్రూలతో గోడకు బిగించాల్సిందే. బరువైనవి కింది అరల్లో పెట్టండి. బొమ్మలు, చాక్లెట్లు పైన పెడితే పిల్లలు ఎక్కకుండా ఉండరు. సొరుగుల బల్ల మీద టీవీ అసలే వద్దు. 'అద్దె ఇల్లు, గోడకు రంధ్రం చేస్తే ఓనర్ ఊరుకోరు' అంటారు కొందరు. ఖాళీ చేసేటప్పుడు ఆ రంధ్రం పూడ్చడం ఎంతసేపు?

మంచం ఎలా ఉండాలి?

కారు బొమ్మలా ఉండే చిన్న మంచాలు చూడముచ్చటగా ఉంటాయి. కానీ కొన్నేళ్లకే కాళ్లు అంచుకు తగులుతాయి. ఆరుంపావు అడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు ఉన్న మామూలు సింగిల్ మంచం అయితే ఇంటర్ దాకా వస్తుంది. ఎత్తు తక్కువగా ఉండాలి. కిటికీ పక్కన వేయొద్దు. పరుపు మరీ మెత్తగా, ఒళ్లు కూరుకుపోయేలా ఉండకూడదు.

బంక్ బెడ్ కొంటే...

- ఆరేళ్లలోపు పిల్లలను పైన పడుకోబెట్టొద్దు.
- పై మంచానికి రెండు వైపులా కమ్మీలు ఉండాలి. పరుపు వేశాక కూడా అవి కనీసం ఐదంగుళాల ఎత్తు ఉండాలి.
- కమ్మీల మధ్య సందు మూడున్నర అంగుళాలు మించకూడదు. మించితే ఒళ్లు జారిపోయి తల ఇరుక్కునే ప్రమాదం ఉంది.
- పైన నిలబడి చెయ్యెత్తినా సీలింగ్ ఫ్యాన్ రెక్కలు అందకూడదు. గదిలో అంత వీలు లేకపోతే బంక్ బెడ్ ఆలోచన మానుకోండి.

బల్ల, కుర్చీ

కూర్చున్నప్పుడు పాదాలు నేలకు ఆనాలి. భుజాలు పైకి లేపకుండానే మోచేతులు బల్ల మీదికి రావాలి. ఎత్తు మార్చుకునే కుర్చీ కొంటే ఏళ్ల తరబడి పనికొస్తుంది. అది లేకపోతే కాళ్ల కింద చిన్న పీట వేసినా చాలు.

పాత ఫర్నిచర్ వాడుతుంటే...

పాత రంగుల్లో సీసం ఉండొచ్చు. అది పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. రంగు పెచ్చులూడుతున్న మంచాన్ని పిల్లలకు ఇవ్వొద్దు. దాన్ని ఇంట్లో గోకించొద్దు.

ఇవి కనిపిస్తే ఆలస్యం వద్దు

మంచం మీంచి పడినా, తల మీద ఏదైనా పడినా... వాంతులు, మగత, ఫిట్స్, ముక్కు చెవుల నుంచి రక్తం, మాటలో తేడా కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పొద్దున చూద్దాంలే అనుకోవద్దు.

ఈ ఆదివారం పిల్లల గదిలోని బీరువా తలుపులు తెరిచి, సొరుగులన్నీ బయటికి లాగి, పైభాగాన్ని మెల్లగా ముందుకు లాగి చూడండి. కాస్త కదిలినా సరే, కార్పెంటర్‌ను పిలవండి.